అయిదులో పలికే పెట్టె

ల్యాప్‌టాప్‌ను హారతి పళ్ళెంలా రెండు చేతులతో ఎత్తిపట్టుకుని మూడోసారి హాలంతా తిరిగాను. ఎదురింటి వాళ్ళ నెట్ పేరు కనిపించింది, పక్క మేడ వాళ్ళదీ కనిపించింది. మాది మాత్రం లేదు. మా వైఫై పెట్టేమో నా కళ్ళ ముందే, ఫోను పక్కన, పచ్చ దీపాలు వెలిగించుకుని కూర్చుంది.

"ఏంది, చిక్కిందా?" లోపలి గదిలోంచి అమ్మ.

"లేదుమా! నటేశన్ నగర్‌లో అందరిదీ చిక్కతాండాది, మనది తప్ప."

అమ్మ కాలు విరిగి మంచంలో ఉంది. అందుకే నేను పనిచేసే గెస్ట్‌హౌస్ మేడమ్ ఆఫీసు పాత ల్యాప్‌టాప్ ఇచ్చి, గదుల కోసం వచ్చే మెయిళ్ళకు ఇంటి నుంచే జవాబు రాయమంది. రేపు తొమ్మిదికల్లా మొదటి జవాబు వెళ్ళకపోతే వేరే అమ్మాయిని పెట్టుకుంటానని కూడా చెప్పింది. వైరు తగిలించి హాల్లో కూర్చుందామంటే అమ్మను లేపి పట్టుకునేదెవరు? వైరేమో మూరెడు.

ఆ పెట్టె పారిస్ నుంచి వచ్చిన పెద్దమ్మ కూతురు ఇచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో నిన్న బాగానే పనిచేసింది. ఆ సంతోషంలో, కొత్త సామాను ఏదొచ్చినా చేసినట్టే, దానికీ గంధం, కుంకుమ పెట్టేశాను. ఇప్పుడు నా అనుమానమంతా ఆ బొట్టు మీదే. ఏ కన్నం మూసుకుపోయిందోనని తడిగుడ్డతో తుడిచాను. ఊహూఁ.

తిరుగు విమానం కోసం చెన్నై దారిలో ఉన్న ఆ అక్కకే ఫోన్ చేశాను.

"పెట్టెను నేను అయిదు గిగాహెర్ట్జ్‌లో పెట్టుండా. నీ ల్యాప్‌టాప్ పాతది కదా, దానికి రెండు పాయింట్ నాలుగే తెలుసు" అంది.

"అయిదు పెద్దది కదక్కా! రెండు అందులోనే ఉండదా?"

"ఉండదుమే! రేడియోలో ఒక స్టేషన్ పెడితే ఇంకోటి వినపడతాదా? వైరు పెట్టి సెట్టింగ్ పేజీ తెరువు. పెట్టె అడుగున అంకెలుండాయి. అవి కొట్టినాక ఆ పేజీలో రెండోదాన్ని..."

లైను తెగింది. మళ్ళీ కలవలేదు.

వైరు తగిలించి, పెట్టె అడుగున ఉన్న అంకెలు కొట్టాను. పేజీ వచ్చింది. మొత్తం ఫ్రెంచిలో! నేను చదివింది పదో తరగతి, అదీ తమిళంలో.

పక్కింటి తాతను పిలుచుకొచ్చాను. ఫ్రెంచి పటాళంలో పనిచేసి వచ్చిన మనిషి.

"నాకు కంప్యూటర్ తెలీదు పాపా."

"నాకు ఫ్రెంచి తెలీదు తాతా. మీరు చదవండి, నేను నొక్కతా."

ఆయన ఒక్క మాట కూడా వదలకుండా పైనుంచి చదవడం మొదలుపెట్టాడు. "ఇది లోపలికి రానిచ్చే మాట మార్చేది. నొక్కబాక! ఇది... ఇదీ వద్దు. ఆఁ, ఈడ రెండు వరసలుండాయి. అయిదు పక్కన నడుస్తాండాదని ఉండాది. రెండు పాయింట్ నాలుగు పక్కన ఆపేసినట్టు ఉండాది."

"ఎవరు ఆపేసింది?"

"నన్నడిగితే? మీ అక్కనడుగు!"

ఆపేసినదాన్ని నడిచేటట్టు మార్చి నొక్కాను. పెట్టెలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. నా ప్రాణం పోయినంత పనైంది.

"యాడికి పోయినాయి తాతా?"

"డ్యూటీ మారేటప్పుడు కొంచెం గలాటా ఉంటాది. నిలు."

ఒక్కొక్క దీపమే వెలిగింది. వైరు పీకి చూస్తే మా పేరు వచ్చింది! అమ్మ గదిలోకి పరుగెత్తాను. అక్కడా ఉంది. అయితే అయిదులో రెండు ఎందుకు ఉండదో నాకు అర్థం కాలేదు. అమ్మేమో "చిక్కింది కదా, ఇంకేందికి తలనొప్పి" అంది.

మరుసటి ఉదయం ఎనిమిదింటికి తెరిస్తే మా పేరు మళ్ళీ లేదు. మళ్ళీ అయిదులోకి పోయిందా? హాల్లోకి ఉరికాను. ఒక్క దీపం లేదు. మా ఇంట్లో పడుకునే ముందు హాల్లో స్విచ్చులన్నీ ఆర్పేయడం అలవాటు. రాత్రి ఆర్పింది నేనే!

స్విచ్చి వేసి, అమ్మ కట్టుకు వాడే తెల్ల ప్లాస్టరు ముక్క చించి, మళ్ళీ నా చెయ్యే పోకుండా దానిమీద అడ్డంగా అంటించాను. అమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని మొదటి జవాబు కొట్టాను: గది ఉంది, రండి.