ఒక్క అమ్మయ్య వాలు

సర్వేయరు గారు ఏటిగట్టును అడుగుల్లో కొలవరు. అమ్మయ్యల్లో కొలుస్తారు. నీటి అంచు నుంచి రోడ్డు దాకా ఎక్కే మనిషి ఎన్నిసార్లు ఆగి, నడుం మీద చెయ్యి వేసుకుని "అమ్మయ్య" అంటే, ఆ చోటు అన్ని అమ్మయ్యలు.

ఆఫీసులో ఎవరో కొత్త ఇల్లు చూపించడానికి ఆయన్ని పిలిచారు. ఆయన గదులు చూడలేదు. ఇంటివాళ్ల వెనకాలే డాబా మెట్లెక్కి, "రెండున్నర" అన్నారు.

"ఆ అర ఏమిటండీ?"

"మీ అత్తగారు అమ్మ అన్నారు. అయ్య మింగేశారు."

జూనియర్ ఇంజనీరు చేరి మూడు నెలలైంది. మొదటి పనికే ఈయన జతపడ్డారు. ఊరి పక్కన ఏటి పొడవునా జనం నీటి దాకా వెళ్లడానికి మూడు చోట్లు ఎంచాలి. మిగతా గట్టుకు కంచె వేసి గోదాములకు ఇస్తారు. శుక్రవారం సాయంత్రం అయిదు లోపల ఇద్దరి సంతకాలతో జాబితా పై ఆఫీసుకు చేరకపోతే ఆ మూడూ గోదాములకే.

ఫారంలో 'వాలు, శాతం' అని ఒక గడి ఉంది. ఆయన అందులో 'మూడు అమ్మయ్యలు' అని రాశారు.

"సర్, వాళ్లడిగింది శాతం."

"శాతం మోకాళ్లకు తెలీదమ్మా."

"పై ఆఫీసుకు తెలుసు కదండీ."

"పై ఆఫీసుకు లిఫ్టుంది."

శాతాలు ఆమే కట్టి పక్కన రాసింది. రెండు చోట్లు ఖాయమయ్యాయి. మూడోదానికి ఆమె పాత రాతిమెట్లు చూపించింది. నీడ ఉంది, బస్సు ఆగుతుంది. ఆయన ఆరు అన్నారు. ఐసు ఫ్యాక్టరీ వెనక మట్టివాలు చూపించారు. అందం లేదు, పైగా అమోనియా వాసన. కానీ ఒక్కటే. ఆమె రెండుసార్లు ఎక్కి చూసి ఒప్పుకుంది.

సంతకం మాత్రం ఆయన పెట్టలేదు. పరీక్ష పూర్తి కాలేదట. రోజూ ఆఫీసు రేవులో ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లను పడవెక్కించి ఆ వాలు కింద దించేవారు. గురువారానికి పద్నాలుగు మంది అయ్యారు.

"అందరికీ ఒకటే వచ్చిందిగా సర్. ఇంకా ఎందుకు?"

"పదిహేనో మనిషికి రెండు రావచ్చు."

శుక్రవారం మూడున్నరకు ఆమె ఫైలు పట్టుకుని తనే ఆ వాలు దగ్గరికి వెళ్లింది. పదిహేనో మనిషి, రిటైరైన నర్సు, బల్లపరుపు రాయి మీద కూర్చుని ఉంది. చేతికర్ర పక్కన ఉంది. పాదాలు నీళ్లలో ఉన్నాయి. సర్వేయరు గారు దూరంగా, అటు తిరిగి, సర్వే యంత్రం అద్దం తుడుస్తున్నారు.

"ఎక్కుతారా అమ్మా? టైమైపోతోంది."

"ఉండవే తల్లీ. ఆయన చెప్పినప్పుడు ఎక్కాలట. ఈ నీళ్లు కాలికి తగిలి తొమ్మిదేళ్లయింది. కిటికీలోంచి చూడడమే. మావాడు గడప దాటనివ్వడు. మొన్న ఈయనొచ్చి, మీ అమ్మగారు రాకపోతే ఫైలు ఆగిపోతుందన్నాడు. ప్రభుత్వం పని కదా, మావాడు నోరెత్తలేదు."

"మిగతావాళ్లూ ఇలాగే వచ్చారా?"

"మా మేడలోంచే నలుగురు. కింది వాటా మాస్టారు రెండుసార్లొచ్చాడు. మొదటిసారి సరిగ్గా ఆయాసపడలేదని మళ్లీ పిలిచారట."

ఇంజనీరు ఆయన వీపు వంక చూసింది. అద్దం ఎప్పుడో శుభ్రమైంది. ఆయన ఇంకా తుడుస్తున్నారు.

ఆమె రాయి మీదే ఫైలు తెరిచి, సూచనల గడిలో రాసింది: 'కట్టిన తరువాత కూడా ప్రతి శుక్రవారం ఈ వాలును మనుషులతో పరీక్షించాలి. పడవ ఆఫీసు ఇవ్వాలి.'

తీసుకెళ్లి చూపిస్తే ఆయన చదివారు. రెండోసారి చదివారు.

"ఎన్నాళ్లమ్మా?"

"ఫలితం తేలేదాకా సర్."

ఆయన సంతకం పెట్టారు.

అయిదుకు పది నిమిషాలుండగా పై అధికారి ఫారం అందుకున్నారు. మూడు చోట్లకూ టిక్కులు పెట్టారు. సూచనల గడి దగ్గర పెన్ను ఆగింది.

"కట్టేశాక పరీక్షేమిటమ్మా?"

"మనుషులు మారుతుంటారు కదండీ."

ఆయన తలుపు వంక ఓసారి చూసి గొంతు తగ్గించారు.

"మా నాన్నగారున్నారు. పనికొస్తారా?"

"ఆయాసం వస్తుందా సర్?"

"నాలుగడుగులకే."

"అయితే పొద్దున్నే పంపండి. అలాంటివాళ్లని సర్వేయరు గారు సాయంత్రం దాకా ఎక్కమనరు."

ఆయన టిక్కు పెట్టారు.