తిట్లు వద్దన్న లామిలే

బుకోమ్ అనే బెస్తవాడలో ఓడిపోయిన బాక్సర్‌కి రింగులో తిన్న దెబ్బల కంటే వీధిలో నడవడమే పెద్ద శిక్ష. లామిలేకి ఆ సంగతి కొత్త కాదు. అయినా మొన్నటి ఓటమి తర్వాత కుళాయి దాకా వెళ్లాలన్నా ఆమెకి కాళ్లాడలేదు. ఆ దారిలో పొయ్యిల మీద చేపలు పొగబెట్టే ఆడవాళ్లు ఆమె కనపడితే చాలు, అందుకునేవారు.

"ఏమే లామిలే, రింగులో పడుకోవడానికి చాప తీసుకెళ్లలేకపోయావా?"

"ఎందుకే, నేల చల్లగా బానే ఉన్నట్టుంది!"

ఆమె తల్లి కూడా అక్కడే పొయ్యి దగ్గర కూర్చుని చేపలు తిప్పుతుండేది. నవ్వేది కాదు. అలాగని అడ్డు చెప్పేదీ కాదు.

జిమ్‌లో బాక్సింగ్ నేర్పే ఒడోయ్ మాస్టారి నోరు ఇంకా పెద్దది. తిట్టు తింటేనే పిడికిలి గట్టిపడుతుందని ఆయన నమ్మకం. తన గురువు తనని అలాగే తిట్టాడు, తను ఛాంపియన్ బెల్టు గెలిచాడు. ఇక వాదించేదేముంది? లామిలేని అందరి ముందూ "కెంకీ ముద్ద" అని పిలిచేవాడు. మొక్కజొన్న పిండి ముద్దలా ఆమె దెబ్బ మెత్తగా ఉంటుందట.

అదే జిమ్‌లో అడోలే అని ఇంకో అమ్మాయి ఉండేది. లామిలే కన్నా చురుకైనది, కాలు నేల మీద నిలిచేది కాదు. ఒక్కసారి ఓడింది. ఆ తిట్లు పడలేక నెల తిరక్కుండానే రావడం మానేసింది. "పిరికిది" అని ఒక్క మాటలో తేల్చేశారు. గెలిచినవాళ్ల గురించి చెప్పేటప్పుడు తిట్ల మహిమ చెప్పుకుంటారు గానీ, అడోలే పేరు ఎవరూ ఎత్తరు.

పొరుగు దేశంలోని లోమే నుంచి వచ్చిన అఫీతో పోటీ నాడు వాడంతా కదిలొచ్చింది. మొన్న లామిలేని ఓడించింది ఈ అఫీయే. మొదటి రెండు రౌండ్లూ ఎలాగో గడిచాయి. మూడో రౌండులో జనంలోంచి ఎవరో "కెంకీ ముద్దా!" అని అరిచారు. చుట్టూ అందరూ అందుకున్నారు. లామిలేకి ఒళ్లు మండిపోయింది. ఎదురుగా ఉన్నది అఫీ అన్న సంగతే మరచి, అరుస్తున్న ఆ నోళ్ల మీదికి దూకినట్టు ముందుకు దూకింది. అఫీ కుడిచేయి దవడకి తగిలింది. దీపాలు గిర్రున తిరిగాయి. కిందపడిపోయింది. రిఫరీ లెక్కపెడుతూ ఎనిమిది అనేసరికి తాడు పట్టుకుని లేచింది. అంతలో రౌండు ముగిసిన గంట కొట్టడం వల్ల బతికిపోయింది.

మూలన స్టూలు మీద కూలబడగానే ఒడోయ్ మాస్టారు వంగాడు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. ఆయన నోరు తెరవకముందే లామిలే ఆయన చొక్కా పట్టుకుంది.

"తిట్టకు మాస్టారూ. ఒక్క తిట్టు తిట్టినా ఇక్కడే గ్లవ్స్ విప్పేసి పోతా."

"ఏం కూశావే?"

"నేనేం తప్పు చేస్తున్నానో చెప్పు. అదొక్కటే చెప్పు."

రౌండ్ల మధ్య ఉన్నది ఒక్క నిమిషం. అందులో సగం ఆయన మొహం చూడడంలోనే కరిగిపోతోంది. జనం అరుస్తున్నారు. తిట్టు తప్ప వేరే మాట ఆ నాలుకకి అలవాటు లేదు. ఆమె చొక్కా వదల్లేదు.

"ఎడమచేత్తో కొట్టాక..." అని ఆగాడు. "ఆ చెయ్యి గడ్డం దగ్గరికి తెచ్చుకోవట్లేదమ్మా. కిందికి వదిలేస్తున్నావు. అఫీ ఆ సందులోంచే కొడుతోంది."

అమ్మా అన్నాడు. ఆ పిలుపు ఆమె ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఆ తర్వాత ప్రతి దెబ్బకీ చెయ్యి గడ్డం దగ్గరికి వచ్చింది. జనం అరుస్తూనే ఉన్నారు గానీ, ఆమెకి వినపడింది ఆ ఒక్క మాటే. అఫీ ఆ సందు కోసం వెతికి వెతికి అలిసిపోయింది. చివరికి న్యాయనిర్ణేతల్లో ఇద్దరు లామిలే వైపు, ఒకరు అఫీ వైపు.

రేడియో కుర్రాడు మైకు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "అక్కా, అందరూ తిట్టబట్టే కసి పుట్టి గెలిచావు కదా?"

"అడోలేని కూడా ఇలాగే తిట్టారు. కసి పుట్టిందేమో పోయి ఆమెని అడుగు."

అతను నవ్వి మైకు ఒడోయ్ మాస్టారి వైపు తిప్పాడు. తిట్ల గొప్పతనం గురించి మాస్టారు ఏదో ఒకటి అంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

మర్నాడు ఆయన అడోలే ఇంటికి వెళ్లాడు. మళ్లీ జిమ్‌కి రమ్మన్నాడు. ఆమె ఆయనకి మంచినీళ్లిచ్చి, రానంది. ఆయన ఆ నీళ్లు తాగి లేచొచ్చాడు.

తర్వాతి పోటీలో లామిలే ఓడిపోయింది. మాస్టారు మెత్తబడ్డాడని, అందుకే పిల్ల చెడిపోయిందని వాడంతా అంది. పొయ్యిల దగ్గర మళ్లీ నోళ్లు లేచాయి. ఈసారి ఆమె తల్లి చేతిలోని చేపని పళ్లెంలో పడేసి లేచి నిలబడింది.

"ఇంక చాలు. ఒక్కసారి మీరా రింగెక్కి కొట్టించుకోండి, అప్పుడు మాట్లాడదాం."

లామిలే కుళాయి దగ్గర బిందె నింపుకుని, ఆగకుండా ఇంటికి నడిచింది.