నేను డ్రైవర్ని కాను

మొన్న శుక్రవారం భోజనం చేసి అల్ దోహా అల్ జదీదాలోని నా గదిలో నడుం వాల్చానో లేదో, హైదరాబాద్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్‌కి ఒక వీడియో పంపింది. ఇటలీ టీవీలో ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టి మాట్లాడిస్తున్నారు. జుట్టంతా నెరిసింది, బుగ్గలు జారాయి. కానీ ఎడమ పక్కకి వంగిన ఆ ముక్కుని నేను ఎంతమందిలో ఉన్నా పోల్చుకుంటాను. బొమ్మ కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెడుతున్నాయి. సొంత ఊరివాళ్ళు ఏర్పాటు చేసిన వీడ్కోలు మ్యాచ్‌కి మీరే ఎందుకు రాలేదని అడిగితే, ఆయన భుజాలు ఎగరేసి, ఖతర్‌లో ఏదో కాగితం ఇబ్బంది వచ్చిందన్నాడు. అక్కడ తమకొక ఇండియా డ్రైవర్ ఉండేవాడని, తెగ వాగేవాడని చెప్పి నవ్వి, ఆ వెంటనే ఎండల సంగతిలోకి వెళ్ళిపోయాడు. వీడియో కింద మా అమ్మాయి "డాడీ, ఆ డ్రైవర్ నువ్వేనా?" అని రాసి నవ్వే బొమ్మలు పెట్టింది.

నేను డ్రైవర్ని కాను. నాకు ఈనాటికీ లైసెన్సు లేదు. ఉత్తరాన అల్ ఖోర్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్బులో కిట్ చూసుకునేవాణ్ణి. ఆటగాళ్ళ జెర్సీలు, సాక్సులు, బూట్లు అన్నీ నా చేతి మీదుగానే మైదానంలోకి వెళ్ళేవి. డ్రైవర్ వేరే ఉండేవాడు. నిజామాబాద్ భాయ్ ఒకాయన, టీమ్ బస్సు నడిపేవాడు. ఇప్పుడు ఇదే గల్లీలో రెండు ఇళ్ళవతల ఉంటాడు. ఆ వీడియో చూపిస్తే కడుపు పట్టుకుని నవ్వాడు. "క్యా అన్నా, ముప్పై ఏండ్లు స్టీరింగ్ పట్టుకున్నోణ్ణి నేనైతే, పేరు నీకొచ్చె! ఇగ నడువు, నన్ను డ్యూటీల దింపి రా" అన్నాడు. ఆ నవ్వు కూడా నేను మరిచిపోను.

ఆ ఇటలీ ఆయన మా క్లబ్బుకి వచ్చేనాటికే ఆట చివరికొచ్చినవాడు. డిఫెండర్, అంటే గోలు ముందు గోడలా నిలబడి అవతలివాళ్ళని ఆపేవాడు. ఓడరేవు ఊళ్ళో పుట్టి, ఆ ఊరి క్లబ్బుకే యౌవనమంతా ఆడాడట. ఆ క్లబ్బు పెద్ద లీగులోకి ఎక్కినప్పుడు ఎక్కాడు, జారినప్పుడు జారాడు. దేశం జట్టుకి ఒక్కసారి పిలిచి, బెంచీ మీద కూర్చోబెట్టి పంపించేశారట. ముక్కు రెండుసార్లు విరిగింది. రెండోసారి విరగ్గొట్టింది సొంత గోల్‌కీపరే. ఇక ఒక ముఖ్యమైన మ్యాచ్‌లో బంతిని బయటికి కొట్టబోయి తలతో సొంత గోల్లోనే వేసుకున్నాడు. ఊళ్ళో రొట్టెల కొట్టువాడు ఏళ్ళ తరబడి ఆయన మొహం చూడకుండానే రొట్టె చేతిలో పెట్టేవాడట. డిఫెండర్ బతుకే అంత. ఆపిన గోలు ఎవరికీ కనిపించదు, ఆపలేనిది అందరికీ గుర్తుంటుంది. ఇది ఆయన చెప్పినప్పుడు, నాలాగే ఈయనకీ లెక్కలు తేలని మనుషులు చాలామందే ఉన్నారనుకున్నాను. అంతమాత్రాన క్షమించలేదు. ఉతికిన జెర్సీని వాసన చూసి నా మీదికి విసిరేవాడు. నా పేరు ఏనాడూ పలకలేదు. దారిన పోయే ప్రతివాణ్ణీ పిలిచినట్టే నన్నూ "సదీక్" అని పిలిచేవాడు. ఆ మాటకి స్నేహితుడని అర్థమట. స్నేహితుడికి పేరుండదా?

సీజన్ అయిపోయింది. మిగతా విదేశీ ఆటగాళ్ళందరూ విమానాలెక్కారు. ఈయన మాత్రం ఎక్కలేకపోయాడు. ఆ రోజుల్లో కంపెనీ సంతకం పెట్టిన కాగితం లేనిదే ఎవరూ దేశం దాటడానికి లేదు. క్లబ్బు మేనేజరు, మేమంతా ముదీర్ అనేవాళ్ళం, ఈయనని ఇంకో ఏడాది ఉండమన్నాడు. సొంత ఊళ్ళో తన వీడ్కోలు మ్యాచ్ ఉందని ఈయన ససేమిరా అన్నాడు. అంతే, సంతకం రేపటికి వాయిదా పడింది. ఆ రేపు రోజూ వచ్చేది. "బుక్రా, ఇన్‌షాల్లా" అని ముదీర్ ఎంతో ఆప్యాయంగా భుజం తట్టి పంపించేవాడు. ఇక నా సంగతి. మా ఆవిడకి తొలి కాన్పు దగ్గరపడింది. డాక్టరమ్మ జాగ్రత్తగా ఉండాలని చెప్పిందట, పెద్దాసుపత్రికి రాసిచ్చిందట. నేను సెలవడిగితే ముదీర్, "ఇటలీ ఆయన ఒంటరిగా ఉన్నాడు కదా. ఆయన తేలాక నీ సంగతి" అన్నాడు. అలా నన్ను తెచ్చి ఆయన మెడకి కట్టాడు. పనివాళ్ళ క్యాంప్ నుంచి నా పెట్టె ఆయన విల్లాకి మారింది.

అంతకంటే జైలు నయం, అక్కడ వంట ఎవరో ఒకరు చేసిపెడతారు. బయట సముద్రపు ఉక్క, తలుపు తీస్తే ఆవిరి మొహాన కొట్టేది. లోపల ఏసీ రొద, కర్టెన్లు వేసిన మసక. కిటికీలోంచి చూస్తే తెల్లటి ఎండలో ఒక ఖర్జూరం చెట్టు, కారు నీడన పడుకున్న పిల్లులు. ఆయన తివాచీ మీద బూట్లు వరసగా పేర్చి, ప్రత్యర్థిని ఎలా ఆపాలో నాకు చెప్పేవాడు. నేను వినేవాణ్ణి, వినక ఎక్కడికి పోతాను? ఒకసారి పాస్తా వండాను. అన్నంలా మెత్తగా ఉడికించి, కాస్త ఆవాలు, కరివేపాకు పోపు పెట్టాను. ఆయన ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, లేచి, గిన్నె తీసుకెళ్ళి పిల్లుల ముందు పెట్టాడు. పిల్లులూ వాసన చూసి వెళ్ళిపోయాయి. ఆ పిల్లుల మీద కూడా నాకు కోపం పోలేదు.

మా ఆవిడ ఫోన్ చేసినప్పుడల్లా ఏడ్చేది కాదు, అదే నా ప్రాణం తీసేది. "దుబాయ్ల నువ్వొక్కనివే ఉన్నవా? ఇంకెవ్వలు లేరా బట్టలుతుక?" అనేది. నేను ఖతర్ అని సరిచేసేవాణ్ణి. "ఏదైతేంది, నువ్వొచ్చేదాంక బిడ్డ ఆగుతదా?" అని పెట్టేసేది. ఆయన ఆ పక్కనే సోఫాలో కాళ్ళు చాపుకుని సీలింగు చూస్తుండేవాడు. మా తెలుగు ఆయనకేం అర్థమవుతుందని అనుకునేవాణ్ణి.

ఒక సాయంత్రం భాయ్ బండి తెచ్చాడు. ముదీర్ వాళ్ళ నాన్నగారి మజ్లిస్‌కి వెళ్ళాలన్నాడు. అరబ్బుల ఇళ్ళలో మగవాళ్ళు కూర్చుని అతిథులని ఆదరించే పెద్దగది అది. ఇటలీ ఆయనకి అరబ్బీ రాదు గనక మాట తర్జుమాకి నన్నూ రమ్మన్నాడు. భాయ్, ఆయన దారంతా ముందు సీట్లో గుసగుసలాడుకున్నారు, నాకు వినపడనివ్వలేదు. అదీ రాసుకున్నాను మనసులో.

గది నిండా పెద్దవాళ్ళు. ముదీర్ తండ్రి నడుమ కూర్చున్నాడు, ముదీర్ ఆయన పక్కన పిల్లవాడిలా ఒదిగి ఉన్నాడు. చిన్న చిన్న కప్పుల్లో గహ్వా వచ్చింది, అరబ్బుల కాఫీ, ఏలకుల వాసనతో. అందరూ తాగారు. ఇటలీ ఆయన కప్పు అందుకుని, పెదవికైనా తగిలించకుండా, తన ముందు తివాచీ మీద పెట్టేశాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. ఈ మొరటు మనిషి పెద్దాయన గహ్వాని కాదంటున్నాడు, ఇక ఇద్దరికీ జన్మలో సంతకం పడదు అనుకున్నాను. గబుక్కున వంగి ఆ కప్పు తీసి ఆయన చేతిలో కుక్కాను. "తాగవయ్యా, నీకు దండం పెడతా!" అని తెలుగులోనే అనేశాను. ఆయన నా చెయ్యి గట్టిగా పక్కకి తోసి, కప్పుని మళ్ళీ తివాచీ మీద పెట్టాడు. గుమ్మం దగ్గర నిలబడ్డ భాయ్ పళ్ళ సందున "అన్నా, కూసో నువ్వు!" అన్నాడు.

పెద్దాయన మెల్లగా ముందుకు వంగి, "నీ గహ్వా తాగు బిడ్డా. నీకేం కావాలో చెప్పు" అన్నాడు. ఇటలీ ఆయన వేలితో నన్ను చూపించాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఇతని భార్యకి కాన్పు, ఇతని కాగితం కావాలి అన్నాడు. అది అరబ్బీలో చెప్పాల్సింది నేను. నా గురించి నేనే, ఎవరో పరాయివాడి గురించి చెప్పినట్టు, "ఈ మనిషి భార్య ప్రసవించబోతోందట, ఇతన్ని పంపించమంటున్నాడు" అని చెప్పాను. పెద్దాయన కొడుకు వైపు ఒక్కసారి చూశాడు. ముదీర్ తల వంచి "తప్పకుండా" అన్నాడు. అప్పుడు ఇటలీ ఆయన కప్పు ఎత్తి ఒక్క గుక్కలో తాగేశాడు. చల్లారిపోయి ఉంటుంది.

తిరుగుదారిలో భాయ్ చెప్పాడు. అతిథి గహ్వా తాగకుండా కింద పెడితే ఏదో అడగడానికి వచ్చాడని అర్థమట. నలుగురు పెద్దల ముందు కాదనడం ఆ ఇంటికి నామోషీ అట. కానీ ఒక గడపలో అలా ఒక్కసారే, ఒక్క కోరికే. "నేను చెప్పింది ఆయన కోసమన్నా. ఆయన పోయి నీది అడిగె. నువ్వేమో కప్పు నోట్లె కుక్కవడితివి" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నన్నెందుకు అడగలేదని ఇటలీ ఆయన మీద అరిచాను. ఆయన కిటికీలోంచి చూస్తూ, "మ్యాచ్‌లో నా చోట ఇంకొకడు నిలబడతాడు. అక్కడ నీ చోట ఎవడు నిలబడతాడు?" అన్నాడు. నా వైపు తిరగకుండానే, "వచ్చాక ఆ పాస్తా మాత్రం మళ్ళీ వండకు" అన్నాడు.

నేను కాన్పుకి అందుకున్నాను. పెద్దాసుపత్రి వరండాలో నర్సు పిల్లని నా చేతుల్లో పెట్టింది. ఆయన ఊళ్ళో మ్యాచ్ ఆయన లేకుండానే జరిగింది. సెలవు ముగించుకుని తిరిగొచ్చేసరికి ఆయన అదే సోఫాలో ఉన్నాడు. బాగున్నావా అనలేదు, పిల్ల ఎలా ఉందని అడగలేదు, సాక్సులు జతలు కలిపి పెట్టలేదని కసిరాడు. ఎండలు తగ్గాక గాని ఆయన కాగితం రాలేదు. వెళ్ళేరోజు ఎయిర్‌పోర్టులో కూడా "సదీక్" అనే చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఆయన మళ్ళీ ఆడలేదు.

ఇప్పుడు ఆ సంతకాల పద్ధతి తీసేశారు. ఎవరి దయా లేకుండా రేపే టికెట్టు కొనుక్కోవచ్చు. ఏటేటా అనుకుంటూనే ఈ గదిలోనే ఉన్నాను, బయట అదే తెల్లటి ఎండ. మా అమ్మాయికి జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. డ్రైవర్ని కానని మొదట రాశాను. ఆ పైన, ఆయన తన మ్యాచ్‌కి ఎందుకు పోలేదో అసలు కారణం నువ్వేనని రాశాను. చదివినట్టు ఫోన్‌లో గుర్తు పడింది, నవ్వే బొమ్మలు మాత్రం రాలేదు.

అంత పెద్ద టీవీలో కూర్చుని కప్పు సంగతి ఎత్తకుండా పోయినందుకు ఆయనని నేనెప్పటికీ క్షమించను. కాలం అన్నిటినీ చల్లారుస్తుందంటారు. ఆయన తాగేసిన ఆ గహ్వా మాత్రం ఇన్నేళ్ళుగా నా ముందు తివాచీ మీద అలాగే ఉంది, అడగాల్సింది ఇంకా ఏదో మిగిలిపోయినట్టు.