వాగు దారిలో ఆటస్థలం

2021 సెప్టెంబరులో నన్ను అబుదాబి ప్రధాన కార్యాలయం నుంచి అల్ ఐన్ శివార్లలోని ఒక చిన్న పురపాలక కార్యాలయానికి, భూవినియోగ విభాగంలో సీనియర్ ప్లానర్‌గా పంపారు. పంపారనే రాస్తున్నాను, ఎందుకంటే నేను అడగలేదు. ప్రధాన కార్యాలయంలో నా తర్వాత చేరినతన్ని నాకు పై అధికారిని చేశారు. దాని మీద నేను రాసిన అభ్యంతరానికి జవాబే ఈ బదిలీ అని నా నమ్మకం. కొత్త చోట నా కారుకు నీడ ఉన్న పార్కింగ్ కూడా ఇవ్వలేదు. అయినా నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు తృప్తినిచ్చిన పని అక్కడే జరిగింది.

మా విభాగం ఏం చేస్తుందో బయటివాళ్లకు పెద్దగా తెలియదు. ఊరి ప్లానులో ప్రతి స్థలానికీ ఒక రంగు ఉంటుంది. ఇళ్లకు పసుపు, పరిశ్రమలకు ఊదా, బహిరంగ స్థలాలకు ఆకుపచ్చ. దేనికీ కేటాయించనిది తెల్లగా ఉంటుంది. రంగు మార్చే అధికారం పై శాఖది. స్థానిక కార్యాలయం తన అభిప్రాయం పంపుతుంది. గడువులోగా పంపకపోతే అభ్యంతరం లేనట్టే. ప్రమాదాల నివారణ విషయానికొస్తే ప్రతి శాఖకూ ఒక ముక్క ఉంది. అగ్నిమాపకం వాళ్లు మెట్లూ ద్వారాలూ చూస్తారు. రోడ్ల వాళ్లు రోడ్డు చూస్తారు. సర్వే వాళ్లు ఎత్తుపల్లాలు కొలిచి ఇస్తారు. వాన పడితే నీళ్లు ఎటు పోతాయన్నది మాత్రం ఎవరి ముక్కలోనూ లేదు. ఎవరిదీ కాని పని స్థానిక కార్యాలయానికి వస్తుంది. అక్కడ అది నా బల్ల మీదికి వచ్చింది.

ఆ చలికాలంలో ఒక కాంట్రాక్టు కంపెనీ దరఖాస్తు పెట్టింది. ఊరి బయట వాళ్ల కార్మికుల క్యాంపు ఉంది. దాని దిగువన ఉన్న తెల్లని స్థలంలో మరో రెండు నివాస బ్లాకులు కట్టుకుంటామన్నారు. క్యాంపుకు వచ్చే రోడ్డులో ఒక చోట పల్లం ఉందని, దాన్ని నింపి సమం చేయాలని కూడా అడిగారు.

ఆ పల్లం రోడ్డు పాడై ఏర్పడింది కాదు. అక్కడి వాగులు ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటాయి. ప్రతి వాగు మీదా వంతెన కట్టరు. వాగు అడ్డొచ్చే చోట రోడ్డునే కిందికి దించి, నీళ్లు వచ్చిన రోజున వాటిని పైనుంచి పోనిస్తారు. మా వృత్తిలో దాన్ని ఐరిష్ క్రాసింగ్ అంటారు. దాన్ని నింపితే రోడ్డు గట్టులా మారుతుంది. నీళ్లు దాని వెంబడే పరుగెత్తి క్యాంపు గేటు దగ్గర తేలతాయి. నింపకుండా దిగువన బ్లాకులు కడితే నీళ్లు నేరుగా వాటిలోకే పోతాయి. కింది అంతస్తులో పడుకునే మనుషుల ప్రాణాలకు సంబంధించిన సంగతి ఇది. అయితే పై శాఖ వరద పటంలో ఆ వాగే లేదు. క్యాంపు కట్టినప్పుడు కాంట్రాక్టరు దిగువ నేలను డోజర్‌తో చదును చేయించాడు. సర్వే ఆ తర్వాత జరిగింది. కాబట్టి పటంలో అది చక్కటి చదును భూమి.

పల్లాన్ని ముట్టుకోవద్దు, దిగువ స్థలాన్ని ఖాళీగా ఉంచాలి అని అభిప్రాయం రాసి, స్థలం చూడటానికి వెళ్లాను. క్యాంపు బాస్ గంగారాం గేటు దగ్గరే ఎదురయ్యాడు. జగిత్యాల వైపు మనిషి. అక్కడి కార్మికుల బాగోగులన్నీ అతనే చూసుకునేవాడు. నన్ను చూసి నమస్కారం కూడా పెట్టలేదు.

"సారు, గీ గుంత కాడ బస్సు ఎగిరితె ఎనుక కూసున్నోళ్ల తలకాయలు పోయి కప్పుకు తాకుతున్నయ్. నింపుమంటె అడ్డం పడ్డది మీరేనట?"

అది గుంత కాదని, నీళ్ల దారి అని చెప్పాను.

"నీళ్లా? నేనొచ్చిన సంది జూస్తున్న. మీ మాటల్ల తప్ప గిక్కడ నీళ్లు యాడ జూడలే."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఎవరి ప్రాణం కోసం నేను రాశానో వాళ్లే నవ్వడం నాకు బాగా గుర్తుంది.

తర్వాతి వారం సమావేశం. కంపెనీ తరఫున వచ్చిన కన్సల్టెంట్ శ్రీధర్ కాకినాడ కుర్రాడు, తెలివైనవాడే. నేను వాగు గురించి చెబుతుంటే పక్కకు వంగి, నాకు మాత్రమే వినపడేలా తెలుగులో అన్నాడు: "ఎడారిలో గొడుగేసుకుని తిరుగుతున్నారండీ మీరు." ఆ మాట మనసులో పెట్టుకున్నాను.

మా ముదీర్, అంటే కార్యాలయ డైరెక్టరు, స్థానికుడు, పెద్దమనిషి. నా కాగితం మొత్తం చదివి, అక్కడ ఏది ఉండకూడదో రాశావు, ఏది ఉండాలో రాయలేదు అన్నాడు. తెల్లని స్థలం తెల్లగానే ఉంటే ఈ కంపెనీ కాకపోతే వచ్చే ఏడు ఇంకో కంపెనీ అడుగుతుంది, ప్రతిసారీ నువ్వే ఇక్కడ కూర్చుని ఉంటావా అని అడిగాడు. అందరి ముందూ అలా అనాల్సింది కాదు. ఆ మాట ఇప్పటికీ నాకు నచ్చదు. పనికొచ్చింది, అది వేరే సంగతి. నిర్ణయం తర్వాతి సమావేశానికి వాయిదా పడింది.

వాగు పాత దారి గుర్తించడానికి మళ్లీ క్యాంపుకు వెళ్లాను. ఆ రోజు ఆదివారం, సెలవు. గంగారాం ఇంకో ఫిర్యాదుతో సిద్ధంగా ఉన్నాడు. పోరగాళ్లు బస్సుల యార్డులో క్రికెట్ ఆడుతుంటే బంతి తగిలి అద్దాలు పగులుతున్నాయట, వాచ్‌మన్ తరుముతున్నాడట. "ఆరు దినాలు ఎండల జేస్తరు. ఒక్క దినం ఆడుకుందామంటె జాగ లేదు. మీ ఆఫీసుకు ఎన్నిసార్లు చెప్పినా ఇనేటోడే లేడు సారు." విననివాళ్ల సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? ఆ ఫిర్యాదు న్యాయమైనదనిపించింది. అక్కడే కారు బానెట్ మీద పటం పరిచి గీయడం మొదలుపెట్టాను.

దిగువ స్థలానికి ఆకుపచ్చ రంగు, క్యాంపు ఆటస్థలం. ప్రహరీ ఉండకూడదు, గదులు ఉండకూడదు, మట్టి పోసి ఎత్తు పెంచకూడదు. కొత్త బ్లాకులు ఎగువన, పాత బ్లాకుల వెనక. రోడ్డు పల్లం ఉంటుంది, కాని ఏటవాలును రెండు వైపులా పొడిగించి బస్సు ఎగరకుండా చేయాలి. నీటి లోతు తెలిసేలా అంకెలు వేసిన స్తంభాలు పాతాలి. కంపెనీ సణిగింది కాని, కోరిన బ్లాకులు దొరికాయి కాబట్టి ఒప్పుకుంది. పై శాఖ రంగు మార్చింది, దిగువ స్థలంలో క్రికెట్ పిచ్ పడింది. ఫైలులో ఈ ఆలోచన శ్రీధర్ వాళ్ల కంపెనీ సూచనగా నమోదైంది. సవరించమని రాశాను. సవరించలేదు.

మరుసటి ఏడాది ఒక ఉదయం గంగారాం ఫోను. "సారు, మన గ్రౌండ్ల ఎవడో టిప్పర్లతోని మట్టి పోస్తున్నడు! పిచ్ ఖలాస్! జల్ది రారి!" పక్క సైటు కాంట్రాక్టరు ఖాళీ స్థలమనుకుని తవ్విన మట్టి తెచ్చి పోస్తున్నాడు. మా ఇన్‌స్పెక్టరు చేరేసరికి, నైట్ షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు టిప్పర్లకు అడ్డంగా నిలబడి ఉన్నారు. పోసిన మట్టిని అదే టిప్పర్లలోకి ఎత్తించి పంపాం. ఆ జనంలో వాగు గురించి ఆలోచించినవాడు ఒక్కడూ లేడు. వాళ్లు వచ్చింది పిచ్ కోసం.

2024 ఏప్రిల్‌లో ఆ పెద్ద వాన పడింది. ఎమిరేట్స్ అంతటా రోడ్లూ ఇళ్లూ నీట మునిగిన సంగతి అందరికీ తెలుసు. మా వాగు కూడా లేచింది. నీళ్లు పల్లం మీదుగా రోడ్డు దాటి, ఆటస్థలం నిండా పరుచుకుని, అవతల ఇసుకలోకి వెళ్లిపోయాయి. కార్మికులు పై అంతస్తు వరండాల్లో నిలబడి ఫోన్లలో వీడియోలు తీశారు. స్తంభాల మీద లోతు చూసి డ్రైవర్లు బస్సులు కదపలేదు. కింది గదుల్లో ఒక్కదాని గడప కూడా తడవలేదు. సాయంత్రం గంగారాం వాయిస్ మెసేజ్ పెట్టాడు: "సారు, అందరం మంచిగున్నం. పిచ్ మొత్తం కొట్టుకపోయింది. మల్ల మీరే ఏపియ్యాలె." థాంక్స్ చెప్పలేదు. అయినా ఆ మెసేజ్ చాలాసార్లు విన్నాను.

తర్వాత శ్రీధర్‌కి ఫోన్ చేశాను. దుబాయ్‌లో వాళ్ల బిల్డింగ్ కింద నీళ్లు నిలిచి, కారు మునిగి, ఇంట్లోనే ఉన్నాడు. "గొడుగు కావాలా బాబూ?" అని అడిగాను.

"అమ్మో, ఇంకా గుర్తుపెట్టుకున్నారా సార్!"

గుర్తుంచుకోకపోతే ఎలా అని, కారు సంగతి విచారించాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రోజు నాకు నీడలేని పార్కింగ్ కూడా పెద్ద బాధగా అనిపించలేదు.

ఆ ఏడాది చివర రిటైరయ్యాను. వాన మీద తయారైన నివేదికలో ఆ ఆటస్థలం ప్రస్తావన ఉంది, నా పేరు లేదు. దాని గురించి రాశాను. జవాబు ఇంకా రాలేదు. పిచ్ మాత్రం మళ్లీ వేశారు, ఫొటో గంగారాం పంపాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. నీళ్ల కోసం స్థలం ఖాళీగా వదలమంటే కార్యాలయాలు ఒప్పుకోవు, ఒప్పుకున్నా ఎక్కువ కాలం వదలవు. ఆ స్థలంలో మనుషులకు ఏదైనా పని కల్పించాలి. నీళ్లు వచ్చే రోజు దాకా వాళ్లే దాన్ని కాస్తారు.