మిరపకాయ మీద తెల్ల మెరుపు

మొన్న మంగళవారం నా తెలివికి మా అమ్మ పని ఊడిపోయేదే. బొమ్మ గీసింది నేను, అబద్ధం చెప్పింది నేను. మధ్యలో ఆవిడేం చేసింది చెప్పండి?

నేను డిజైన్ డిప్లొమా చేస్తున్నానుగా. ఆఖరి ప్రాజెక్టుకి నిజంగా వ్యాపారం చేసే పార్టీకి ప్యాకెట్ లేబుల్ చేసి, ఆయన చేత ఫీడ్‌బ్యాక్ ఫారం మీద సంతకం పెట్టించుకోవాలి. ఫారంలో మూడు గడులు. సారు ఏమన్నారు, తోటి స్టూడెంట్లు ఏమన్నారు, ఆ సరుకుతో పనిచేసేవాళ్ళు ఏమన్నారు. బుధవారం పొద్దున ఫారం ఇవ్వకపోతే డిప్లొమా లేదు, ప్రెస్సులో ఇస్తామన్న ఉద్యోగమూ లేదు.

మా అమ్మ పనిచేసే మిర్చి షెడ్డు ఓనరు కోటేశ్వరరావు గారు కొత్తగా కేజీ ప్యాకెట్లు వేస్తున్నారని ఆయన్నే పట్టుకున్నా. ఫలానా వాళ్ళ అమ్మాయినని చెప్పలేదు. ప్రొఫెషనల్‌గా ఉండాలి కదా, నా మొహం.

ఎర్రటి ఎండుమిరపకాయ గీశా. సారు చూసి, "ఫ్లాట్‌గా ఉందమ్మా, హైలైట్ పెంచు" అన్నారు. కాయ నడుమ తెల్లటి మెరుపు పెడితే, హైలైట్ అదిరిందని మొదటి గడిలో రాశారు. మా ఫ్రెండు లావణ్య "సూపరే" అంది. రెండు గడులు నిండాయి. మూడోదానికి ఇంట్లో అమ్మ ఉంది, ఇరవై ఏళ్ళుగా మిరపకాయలు ఏరుతోంది. ఆవిడకి డిజైన్ ఏం తెలుసులే అనుకుని "చాలా బాగుంది" అని నేనే రాసేశా. అదీ వేరే పెన్నుతో.

మంగళవారం షెడ్డుకెళ్ళి కలర్ ప్రింటు చేతికిచ్చా. కోటేశ్వరరావు గారు కళ్ళజోడు సర్దుకుని చూశారు.

"ఏ ఊరమ్మా మీది?"

"గుంటూరేనండి."

"గుంటూరు పిల్లవై ఉండి ప్యాకెట్ మీద తాలుకాయ వేశావేంటమ్మా?"

తాలంటే ఎరుపు పోయి తెల్లబడ్డ కాయ. దాన్ని ఏరి పారేయడానికే కూలికి మనుషుల్ని పెట్టుకుంటారు.

"అది హైలైటండి" అన్నా.

ఆయన ఫారం తీసుకుని మూడో గడి చదివారు. "చాలా బాగుందని ఎవరన్నారు?"

అప్పుడైనా నిజం చెప్పచ్చుగా. "మా అమ్మండి. మీ దగ్గరే తాలు ఏరుతుంది, మస్తాన్‌బీ" అన్నా.

ఆయన మొహం మారిపోయింది. "దీన్ని చూసి బాగుందన్న మనిషా మా సరుకు ఏరేది?" అంటూ లేచి షెడ్డులోకి నడిచారు. వెనకాలే పరిగెత్తా. బాగుందంటే అమ్మ పని పోతుంది. బాలేదంటే నా అబద్ధం బయటపడి డిప్లొమా పోతుంది. ఏమని సైగ చెయ్యను? పైగా ఘాటుకి కళ్ళే తెరుచుకోవట్లేదు.

అమ్మ ముక్కుకి గుడ్డ కట్టుకుని రాశి ముందు కూర్చుని ఉంది. ఆయన నా లేబుల్ అందించి, "మస్తాన్‌బీ, ఈ కాయ చూడు" అన్నారు.

అమ్మ ఒక్కసారి చూసింది. లేబుల్‌ని తాలు బుట్టలో పడేసింది.

"తాలండి" అని మళ్ళీ తన పనిలో పడింది. తర్వాత తలెత్తి, "ఏమే షమీమ్, నువ్విక్కడేం చేస్తున్నావ్?" అంది.

కోటేశ్వరరావు గారు నవ్వుతారో తిడతారో అని ఆయన మొహమే చూస్తున్నా. ఆయన నవ్వారు. నా రాత కొట్టేసి, పక్కన "తాలు" అని రాసి, అమ్మ చేత సంతకం పెట్టించారు. "ఆ తెలుపు తీసేసి సాయంత్రం తీసుకురా, నా సంతకం అప్పుడు" అన్నారు. ఫ్లాపీ పట్టుకుని ఇన్‌స్టిట్యూట్‌కి పరిగెత్తి, మెరుపు తీసేసి, షెడ్డు మూసేలోపు వెళ్ళి సంతకం తెచ్చుకున్నా.

బుధవారం సారు నా ఫారం క్లాసందరి ముందు చదివారు. "మొదటి గడి, హైలైట్ అదిరింది. రెండో గడి, సూపర్. మూడో గడి..." అక్కడ ఆగిపోయారు. మొదటి గడిలో రాసింది ఆయనే మరి.

"ఈ మస్తాన్‌బీ గారిని ఒకసారి మన క్లాసుకి పిలవగలవా?" అన్నారు.

అమ్మ శనివారం వస్తానంది. తాలు బుట్ట అక్కడే ఇస్తారా, మనమే తీసుకెళ్ళాలా అని అడుగుతోంది. నేనైతే ఏడాది పాటు గీసినవన్నీ తీసి బీరువాలో దాచేశా.