ఆ పబ్బు తలుపు తీసిన రోజు

పబ్బంటే తాగుబోతుల కొంపని నా అభిప్రాయం. ఐర్లండ్‌లో ఈ ములింగార్ ఊళ్ళో కాపురం పెట్టాక కూడా, మా ఇంటి దగ్గర పాత డబ్లిన్ రోడ్డు మీద కోటంత ఉన్న ఆ పబ్బు గడప చాలాకాలం తొక్కలేదు. ఓ వానరోజు మా కారు సరిగ్గా దాని ముందే మొరాయించింది. యజమాని, ముసలాయన, లోపలికి పిలిచి టీ ఇచ్చాడు.

రెండు ప్రపంచ యుద్ధాల నడుమ, ఈ రోడ్డు మీద కార్లు అప్పుడప్పుడే కనిపిస్తున్న రోజుల్లో వాళ్ళ నాన్న కట్టించాడట. కార్లే లేని చోట కార్లు ఆపడానికి అంత జాగా ఎందుకు, వెనక డాన్సు హాలెందుకు అని ఊరంతా నవ్విందట. తర్వాత ఆ నవ్వినవాళ్ళే వచ్చి డాన్సు చేశారట. ఊరి బయటనుంచి మోటర్‌వే పడి రద్దీ అటు మళ్ళాక, ఖాళీగా ఉన్న హాలుని మా తెలుగు పిల్లల పుట్టినరోజులకి ఇచ్చేవాడు. మా పులిహోరంటే ఆయనకి ప్రాణం.

ఓసారి మేం కేకు కోస్తుంటే ఆయన గబగబా వెళ్ళి వీధి తలుపు మూసేశాడు. ఎవరిదో శవయాత్ర వస్తోందట. అది దాటేదాకా పబ్బు తలుపు మూసి ఉంచడం ఇక్కడి మర్యాద.

లాక్‌డౌన్‌లో ఆ తలుపు నెలల తరబడి మూతపడింది. "నా చేత్తో తెరిచే పోతాను" అనేవాడు కిటికీలోంచి. అంతలో ఆసుపత్రిలో చేరాడు. శనివారానికి ఇంటికొచ్చేస్తాడని కూతురు చెప్పింది కదాని, ఆ రోజు పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని బయల్దేరాను.

పబ్బు ముందు రోడ్డు పొడుగునా జనం ఎడంఎడంగా నిల్చున్నారు. పార్సిల్ భోజనాలు మొదలెట్టారనుకుని నేనూ చివర్న చేరాను. ముందున్నావిడని ఇవాళ వంటేమిటని కూడా అడిగాను.

ఆవిడ నా డబ్బా వంక చూసి మెల్లగా అంది. "ఇది భోజనాల వరస కాదమ్మా. ఆయన్ని తీసుకొస్తున్నారు."

ఇక్కడ చావు కబుర్లు ఊరి రేడియోలో చదువుతారు. మా ఇంట్లో ఆ రేడియో పెట్టిందెవరు? సిగ్గూ ఏడుపూ కలిసొచ్చి డబ్బా వెనక్కి దాచుకున్నాను.

శవపేటిక ఉన్న కారు పబ్బు ముందు ఆగింది. మర్యాదకి మూద్దామంటే తలుపు ఎప్పట్నించో మూసే ఉంది. కూతురు వెళ్ళి తాళం తీసి, రెండు రెక్కలూ బార్లా తెరిచింది. లోపల దీపాలన్నీ వెలుగుతున్నాయి. లోపల గుమిగూడకూడదన్న లాక్‌డౌన్ నిబంధన ఇంకా ఉంది, ఒక్కరూ గడప దాటలేదు. కారు మలుపు తిరిగేదాకా అలాగే ఉంచి, మళ్ళీ తాళం వేసింది.