పొలుసు లేని చేపలూ, ఇసాక్ దాదా శనివారాలూ

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రమైతే దీవిలోని మా ఊరు ప్రోతరాపూర్‌లో పిల్లలమంతా ఇసాక్ దాదా వరండాలో చేరేవాళ్ళం. ఆయన యూదుడు. రంగూన్‌లో తెలుగువాళ్ళ మధ్య పెరిగాడట. భార్య పోయాక ఈ దీవికొచ్చి కర్రమిల్లులో గుమాస్తాగా చేరాడు. ఆయన మతంవాళ్ళు మా ఊళ్ళో ఇంకొక్కరు కూడా లేరు.

వాళ్ళ పవిత్ర గ్రంథాన్ని వారానికో భాగం చొప్పున ఏడాదంతా చదవాలి. వినే తోడు లేక మమ్మల్ని పోగేసేవాడు. చదివి, కథ మా భాషలో చెప్పి, వేయించిన శనగలు పెట్టేవాడు. నిజం చెప్పాలంటే మేం వెళ్ళింది శనగల కోసమే...

ఆ పుస్తకం మన పుస్తకాలకు వెనకవైపు నుంచి తెరుచుకునేది. ఆఖరి పేజీ ముందే చదివేశాడు కాబట్టి చివర ఏమవుతుందో ఈయనకు తెలుసని నా అనుమానం. ఎంత అడిగినా "వచ్చే వారంది వచ్చే వారమే బేటీ" అనేవాడు. కథ అయ్యాక మాత్రం ఒక్కొక్కరినీ అడిగేవాడు... "ఇందులో నీకేం దొరికింది?"

మా తమ్ముడు ఎప్పుడూ "శనగలు" అనేవాడు.

మోషే కథ వచ్చాక నేను శనగలు మరిచిపోయాను. బానిసలుగా ఉన్న తన జనాన్ని విడిపించి, సముద్రం దాటించి, దేవుడు ఇస్తానన్న నేలకు నడిపిస్తుంటాడు. మా నాన్నవాళ్ళు కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి సముద్రం దాటినవాళ్ళే కదా... మోషే మా వాళ్ళలో ఒక పెద్దాయనలా అనిపించేవాడు. ఆ నేల చేరతాడా, లేదా... అదే నా బెంగ.

మధ్యలో తిండి గురించిన భాగం వచ్చింది. నీళ్ళలో ఉండేవాటిలో రెక్కలూ పొలుసూ రెండూ ఉన్నవే తినాలట. "నీకేం దొరికింది?" అనగానే నేను వేళ్ళు మడిచి చెప్పాను... సొర వద్దు, టేకు చేప వద్దు, రొయ్య వద్దు, పీత వద్దు. దాదా మురిసిపోయి నా గౌను ఒడి నిండా శనగలు పోశాడు.

మర్నాడు అమ్మ చేపల గంప ఎత్తుకుని ఆస్టినాబాద్ వెళ్తుంటే వెంట వెళ్ళాను. ఆ రోజు గంపలో సొరా, రొయ్యలే. ఒకింట్లో బాలింతకు పాలు పడాలని అత్తగారు సొర బేరమాడుతోంది. నేను పెద్దదానిలా ముందుకెళ్ళాను.

"మత్ లో దీదీ. దీనికి పొలుసు లేదు. భగవాన్ మనా కియా... దేవుడు వద్దన్నాడు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. పక్కింటావిడ ఏరుకున్న రొయ్యలు మళ్ళీ గంపలో పోసేసింది. దేవుడి మాట ఆ వీధిలో మాకన్నా ముందు నడిచింది... మధ్యాహ్నానికి గంప నిండుగా అలాగే ఉంది.

అమ్మ ఆ గంపతోనే దాదా వరండాకు వచ్చింది.

"ఏటి బాబూ, మా గుంటకేటి నూరిపోసినావు? మీ దేవుడికి సొర నచ్చకపోతే మానీమను. మా బేరం సెడగొట్టడవేటి?"

"అది మా వాళ్ళకు పెట్టిన నియమం అమ్మా. మీకు కాదు."

"మరా ముక్క ముందు సెప్పాల గదా. ఇకనించి ఈ గుంట నీ గుమ్మం తొక్కదు."

నాకు ఏడుపొచ్చింది. సొర గురించి కాదు... మోషే ఇంకా ఎడారిలోనే ఉన్నాడు.

శనివారం వస్తే చాలు, మూల కూర్చుని ముక్కు ఎగబీల్చేదాన్ని. "ఆ మోషే నీకు మావయ్యేటే?" అని అమ్మ విసుక్కునేది. చివరికి తనే విసిగి, "పద. నానూ కూకుంటాను. ఏటి సెప్తాడో సూస్తాను" అంది.

ఆ వారం కథలో, ఎడారిలో జనం గొణుగుతున్నారు... వెనకటి దేశంలో ఊరికే చేపలు తినేవాళ్ళం, ఇక్కడ ఏముంది అని. అమ్మ లేచి నిలబడింది.

"ఊరికేనా? వలేసినోడి సెయ్యి కోసుకుపోనేదా? అలాటోలని ఎడార్లో ఇంకా తిప్పాల."

దాదా కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "కూర్చో అమ్మా. నీకు దొరికింది" అన్నాడు.

అంతే... ఆ తరవాత వరండాలో అందరికన్నా ముందు మా అమ్మే. వచ్చేటప్పుడు ఒక చేప విడిగా తెచ్చేది. "పొలుసున్నదే బాబూ, సూసుకో."

ఏడాది చదువు ముగిసే రోజు వాళ్ళకు పండగ. దాదా పుస్తకాన్ని చంటిబిడ్డలా ఎత్తుకుని గదిచుట్టూ తిరుగుతూ ఆడాడు. వెనక మేం మాకొచ్చిన సినిమా పాటలు పాడుకుంటూ... మా వెనక గంపతో అమ్మ.

తరవాత కూర్చుని ఆఖరి భాగం చదివాడు. మోషే కొండెక్కి, అవతలి నేలను కళ్ళారా చూశాడు. అక్కడే చనిపోయాడు. దాటలేదు.

నేను బావురుమన్నాను. అమ్మ దాదా మీదికి వెళ్ళింది. "అంత దూరం తెచ్చినోడిని అడుగెట్టనిస్తే మీ దేవుడి సొమ్మేటి పోద్ది?"

దాదా పుస్తకం మొదటికి తిప్పాడు. ముగించిన చోటి నుంచి లేవకుండా మళ్ళీ మొదలుపెట్టాలట... అది వాళ్ళ ఆచారం. "మొదట్లో అంతా చీకటి... అంతా నీళ్ళు..."

అమ్మ ముక్కు చీదుకుంది. "నీల్లేనా? అయితే సేపలుంటాయి. సదువు బాబూ."

ఇప్పుడు నేను గరాచర్మలో మా పెద్దవాడు కట్టిన ఇంట్లో ఉంటున్నాను. స్లాబు వేయించాడు, రోజూ గోడలు తడిపాడు, కిటికీల రంగు తనే ఎంచాడు... గృహప్రవేశం చూడకుండానే పోయాడు. అమ్మ అడిగిన మాటే నేనూ అడుగుతున్నాను. అమ్మకు రాని జవాబు నాకూ రాలేదు.

కానీ తెల్లారుతుంది... చేపలబండి హారన్ వినిపిస్తుంది. లేచి తలుపు తీస్తాను. పొలుసు లేని సొరే కొంటాను. మా వాడికి అదంటే ప్రాణం.

దాదా లేడు, ఆ వరండా లేదు. ఇప్పటి పిల్లల ఫోన్లలో కథలు బోలెడు... విన్నాక "నీకేం దొరికింది?" అని అడిగేవాళ్ళే లేరు. మిమ్మల్ని చిన్నప్పుడు అలా అడిగినవాళ్ళుంటే రాయండి. నేను ఐదో తరగతి వరకే చదివాను, చదవడం నెమ్మది... కానీ ఒక్కటీ వదలను.